నిమిషానికి పది చుట్లు

నా పేరు నాగులు. కొమరోలులో బోరు మోటార్ల వైండింగు దుకాణం నాది. ఇరవై ఏళ్లుగా చుట్టుపక్కల ఊళ్లలో కాలిపోయిన మోటార్లన్నీ నా దగ్గరికే వస్తాయి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, పొగరు అంతకంటే కాస్త పైన ఉంటుంది. ఇది చెప్పుకోవడం గొప్పేమీ కాదు గానీ, చెప్పకపోతే జరిగింది మీకు అర్థం కాదు.

మా అమ్మాయి సరళ తొమ్మిదో తరగతి. గిద్దలూరులో సైన్సు ఎగ్జిబిషన్ ఉందని ఆన్‌లైన్‌లో బొమ్మ జెయింట్ వీల్ కిట్ తెప్పించుకుంది. పలచటి చెక్క ముక్కలు నూటికి పైనే. నెల రోజులు దాన్ని పట్టుకునే కూర్చుంది. జిగురు పూసి, బట్టల క్లిప్పులు పెట్టి, ఒక్కో ముక్కా ఆరబెట్టింది. ఎనిమిది పెట్టెలు కట్టి, ఒక్కోదాంట్లో ఇద్దరేసి మట్టి మనుషుల్ని కూర్చోబెట్టింది. కిట్‌లో చేత్తో తిప్పే పిడే ఉంది. చిన్న మోటారు కొనుక్కుని, పళ్లచక్రాలు అమర్చి, కరెంటుతో తిరిగేలా చేసింది సరళే. నన్ను ఒక్క మాట కూడా అడగలేదు. అది కొంచెం గుచ్చుకున్న మాట నిజం.

ఎగ్జిబిషన్‌కు ముందురోజు పొద్దున దాన్ని దుకాణంలో తిప్పి చూపించింది. చక్రం నెమ్మదిగా, నిమ్మళంగా తిరుగుతోంది. అప్పుడే వచ్చిన మాలకొండయ్య మామ, నా పాత గిరాకీ, చూసి పకపకా నవ్వాడు.

"ఏంది నాగులూ, నీ బిడ్డ మోటారు ఇట్ల మూలుగుతాంది? నీ ఇంట్లోనే పవర్ లేకపాయనా?"

ఊరకే అన్న మాటే. నాకు మాత్రం ఒళ్లంతా కారం రాసినట్లయింది.

మా వైపు వైండింగు వాళ్లకు ఒక అలవాటుంది. నీళ్లు లోతుకు పోయేకొద్దీ రైతు పెద్ద మోటారు కావాలంటాడు, కరెంటు కనెక్షన్ కాగితాల్లో మాత్రం ఐదు హార్స్‌పవరే ఉంటుంది. అందుకని లోపల ఏడున్నరకు చుట్టి, పైన ఐదు అని రాసున్న ప్లేటే బిగిస్తాం. చేయి తిరిగిన పని. సరళ బడికి పోగానే ఆ చిన్న మోటారుకూ అదే చేశాను. సన్న తీగ పీకేసి, లావు తీగ తక్కువ చుట్లు చుట్టి, మూత బిగించి, దాని మీద సరళ స్పీడు రాసి అంటించిన కాగితాన్ని ఉన్నది ఉన్నట్లే అంటించాను. విడిగా కరెంటిస్తే జుయ్యిమంది. చక్రానికి తగిలించి చూడలేదు. మోటారు సంగతి నాకొకరు చెప్పాలా!

సరళ బడి నుంచి వచ్చేసరికి అన్నీ అట్టపెట్టెలో సర్ది పెట్టాను. "థ్యాంక్స్ నాయనా" అంది. చెబితే ఒప్పుకోదని తెలుసు. అందుకే మోటారు మార్చిన సంగతి దాచాను.

గిద్దలూరు హాల్లో జనం బాగానే ఉన్నారు. గెలిచిన వాళ్లను ఒంగోలుకు పంపుతారట. సరళ ఆశంతా దాని మీదే. మాలకొండయ్య మామ మనవరాలు సుస్మిత కూడా పోటీలో ఉంది కాబట్టి మామ నా పక్కనే నిలబడ్డాడు. మార్కాపురం నుంచి వచ్చిన జడ్జి సార్‌కు సరళ చార్టు చూపించి, గడగడా చెప్పింది.

"నిమిషానికి పది చుట్లు సార్. అంతకన్నా జోరుగా తిరిగితే పెట్టెలు బయటికి విసురుకుంటాయి. మనుషులు పడిపోతారు. అందుకే పళ్లచక్రాలతో స్పీడు తగ్గించినాను."

స్విచ్ వేసింది.

చక్రం ఒక్క ఊపున లేచింది. నాలుగు చుట్లు తిరిగిందో లేదో జిగురు విడిచింది. ఒక పెట్టె ఎగిరి సార్ కళ్లద్దాలకు తగిలింది. మట్టి మనుషులు బండల మీద పడి తలలు ఊడిపోయాయి. పిల్లలు గొల్లున నవ్వారు.

"ఇదేనా అమ్మా పది చుట్లు? అసలు నువ్వు కట్టిందేనా ఇది?" అన్నాడు సార్.

"నేనే కట్టినాను సార్."

ఆయన నా వైపు తిరిగాడు. "మీరు మోటార్ మెకానిక్ అంట కదా. మీరేమైనా చేయి పెట్టారా?"

పక్కన మామ. వెనక నా దగ్గర మోటార్లు చుట్టించుకున్నవాళ్లు నలుగురైదుగురు. నాగులు చుట్టిన మోటారు చక్రాన్ని చెక్కలు చేసిందన్న మాట కొమరోలు చేరడానికి ఎంతసేపు?

"లేదు సార్. నేను ముట్టుకోనే లేదు" అన్నాను.

సరళ అప్పటికే మోటారు మూత తీసింది. లోపల లావు తీగ. కొసన నేను ఎప్పుడూ వేసే జంట ముడి. నా దుకాణంలో ఆడుకుంటూ పెరిగిన పిల్లకు ఆ ముడి తెలియదా? తలెత్తి నన్ను చూసింది. ఒక్కసారే.

"నాదే తప్పు సార్. లెక్క తప్పినాను" అంది.

"అయితే ఈ అంకెలన్నీ ఊరకే రాసుకొచ్చావన్నమాట" అని ఆయన కాగితం మీద సున్నా చుట్టి ముందుకు పోయాడు.

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ పిల్ల తప్పు తన మీద వేసుకోగానే నాకు ప్రాణం లేచొచ్చింది. బయటపడ్డానురా దేవుడా అనుకున్నాను. కన్నబిడ్డ నెల రోజుల కష్టం నేల మీద చెల్లాచెదరై ఉంటే, నేను అనుకున్నది అదీ. థూ, నా బతుకు చెడ.

తిరుగు బస్సులో ముక్కల పెట్టె సరళ ఒళ్లో ఉంది. నేను పట్టుకుంటానంటే వద్దంది. అనంతపల్లె దాటినట్టున్నాం, ఉండబట్టలేక గొంతు తగ్గించి అడిగాను.

"మా నాయనే చేసినాడని చెప్పింటే అయిపోయేది గదమ్మా. ఎందుకు చెప్పలా?"

"నువ్వు ముట్టుకోలేదన్నావు గదా నాయనా. నేను అట్ల చెబితే, అంతమంది ముందర నువ్వు అబద్ధమాడినట్లు అయ్యేది."

అరిచినా, ఏడ్చినా బాగుండేది. తల వంచుకుని కూర్చున్నాను.

ముందు సీట్లోంచి మాలకొండయ్య మామ వెనక్కి తిరిగాడు. "దిగులు పడొద్దు పాపా. ఈసారి మోటారు మీ నాయనతో చుట్టించుకో. ఆయప్ప చెయ్యి పడితే తిరుగులేదు."

"అట్లనే తాతా" అని సరళ నవ్వింది.

ఆయన అటు తిరిగాక, నాకు మాత్రమే వినబడేలా అంది.

"మళ్లీ కట్టుకుంటా. నువ్వు మాత్రం ముట్టుకోవాకు నాయనా."

సరేనమ్మా అన్నాను.