నిశాక్ష మెడలో దండ

శుక్రవారం పొద్దున సినిమా విడుదలయింది. మధ్యాహ్నానికల్లా హొన్నూరమ్మ ఇంట్లో మాటలు ఆగిపోయాయి.

సినిమా పేరు ‘మేఘాస్త్ర’. ఆకాశంలో ఎగిరే వీరుడి కథ. ఆ వీరుడిగా వేసింది తెలుగు హీరో ఉదయ్ వర్మ. ఊళ్ళ వెలుగంతా పీల్చేసే దుర్మార్గుడు నిశాక్షగా వేసింది కన్నడ హీరో శరభేశ్. ఇట్లాంటి సినిమా హైదరాబాదులోనో బెంగళూరులోనో ఆడితే ఎవరి హీరోను వాళ్ళు చూసుకుని ఇంటికి పోతారు. బళ్ళారిలో అట్లా కుదరదు. ఇక్కడ ఒక గోడ మీద తెలుగు పోస్టరుంటే పక్క గోడ మీద కన్నడ పోస్టరుంటుంది. ఒక్కోసారి ఆ రెండు గోడలూ ఒకే ఇంటివి. సత్యనారాయణపేటలో హొన్నూరమ్మ ఇల్లు అట్లాంటిది.

కొడుకు దుర్గేశ్ జీన్సు ప్యాంట్లు తయారుచేసే చోట కటింగ్ మాస్టరు. ఉదయ్ వర్మ అభిమానుల సంఘానికి కార్యదర్శి కూడా. కోడలు భూమికది హరపనహళ్ళి, కన్నడం మాట్లాడే ఇల్లు. పెళ్ళయి ఇంకా ఏడాది తిరగలేదు. ఆ పిల్లకూ, ఆ పిల్ల అన్న సిద్ధేశ్‌కూ శరభేశ్ అంటే ప్రాణం. సిద్ధేశ్ చేతి మీద ఆయన మొహమే పచ్చబొట్టుగా ఉంది. పెళ్ళి మాటల్లో ఈ సంగతి బయటపడినప్పుడు రెండు వైపులవాళ్ళూ నవ్వుకున్నారు. ఆ ఇద్దరు హీరోలూ ఒకే సినిమాలో కొట్టుకుంటారని అప్పుడెవరికి తెలుసు?

తప్పు అలవాటులో జరిగింది. విడుదల రోజు థియేటరు ముందర హీరో కటౌట్‌కు పాలు పోయడం, విలన్ కటౌట్ మెడలో చెప్పుల దండ వేయడం దుర్గేశ్ సంఘానికి ఏళ్ళుగా ఉన్న పద్ధతి. ఇంతకు ముందు ఆ విలన్లు ఎక్కడో ముంబై నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళ మెడలో చెప్పులు పడితే బళ్ళారిలో బాధపడే దిక్కు లేదు. ఈసారీ అట్లానే పాత చెప్పులన్నీ తాడుకు గుచ్చి, డప్పులు కొట్టి, కటౌట్‌కు ఊతంగా కట్టిన సరవు కట్టెల మీదికెక్కి దుర్గేశే తన చేత్తో వేశాడు. స్నేహితుడు కోదండరామి దాన్ని వీడియో తీసి పెట్టాడు.

భూమిక రొట్టె తట్టుతూ ఫోనులో ఆ వీడియో చూసింది. రొట్టె పెనం మీదే మాడింది. పక్కనే కూర్చుని ఉల్లిగడ్డ కోస్తున్న హొన్నూరమ్మ కూడా చూసింది. కొడుకు కోతిలా పైకి పాకడం చూసి మొదట నవ్వు కూడా వచ్చింది ఆమెకు. కోడలి మొహం చూశాక ఆ నవ్వు నోట్లోనే ఉండిపోయింది.

దుర్గేశ్ భోజనానికి వచ్చినప్పుడు భూమిక కంచం పెట్టి, ఎదురుగా నిలబడి అడిగింది.

“ఆ దండ యారిగె వేసినారు?”

“నిశాక్షకు.”

“మొహం ఎవరిది?”

దుర్గేశ్‌కు కోపమొచ్చింది. అది వేషానికి వేసిన దండ గానీ మనిషికి కాదన్నాడు. సినిమాను సినిమాలాగా చూడడం నేర్చుకోమన్నాడు. మరి ఉదయ్ వర్మకు పోసిన పాలు వేషానికా, మనిషికా అని ఆ పిల్ల మళ్ళీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని హొన్నూరమ్మకు అనిపించింది. ఆ పిల్ల లోపలికి పోయి బట్టలు మడత పెట్టడం మొదలుపెట్టింది.

సాయంత్రం సిద్ధేశ్ ఫోను చేశాడు. ఆదివారం బండి తీసుకుని వస్తానని, చెల్లెలిని తీసుకుపోతానని హొన్నూరమ్మతోనే చెప్పాడు. మర్యాద తప్పలేదు. కేకలూ వేయలేదు. ఆమెకు దానికే ఎక్కువ భయమేసింది. ఆడపిల్ల పండక్కి పుట్టింటికి పోవడం వేరు, ఇట్లా పోవడం వేరు. ఇట్లా పోతే ఆ ఇంట పెద్దలు కూర్చుంటారు, ఈ ఇంట పెద్దలు కూర్చుంటారు. సినిమా సంగతి అందరూ మరిచిపోతారు. ఎవరు ముందు దిగి రావాలనేదే మిగులుతుంది. భర్త పోయాక ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో టీవీ ఒక్కటే మాట్లాడేది. ఈ పిల్ల వచ్చాక వంటింట్లో మనిషి అలికిడి వచ్చింది. దాన్ని వదులుకోవడం ఆమెకు చేతకాదు.

శనివారం పొద్దున ఆమె కోడలి గది గుమ్మంలో నిలబడింది.

“నువ్వు ఆ సినిమా చూసినావా?”

లేదని తలూపింది భూమిక. ట్రైలరు వచ్చినప్పటి నుంచి మొదటి రోజే తీసుకుపోతానని దుర్గేశ్ మాటిచ్చాడు. తీరా చూస్తే అభిమానుల ఆటలో ఆడవాళ్ళకు చోటు లేదన్నాడు.

“అయితే చూసే పోదువు, లే. నేనూ వస్తా.”

మధ్యాహ్నం ఆటకు ఇద్దరూ పోయారు. నిశాక్ష తెర మీదికి వచ్చేసరికి పక్క నుంచి చెవులు పగిలేట్టు ఈల వినబడింది. ఏ పోకిరోడో అని హొన్నూరమ్మ తిరిగి చూస్తే, రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని భూమిక. ఇన్ని నెలల్లో ఈ పిల్ల ఇంట్లో ఇంత గట్టిగా దగ్గింది కూడా లేదు. అత్త చూసిందని తెలిసి వేళ్ళు దించి కొంగులో దాచుకుంది. హొన్నూరమ్మ ఏమీ ఎరగనట్టు తెర వైపు తిరిగింది.

నిశాక్ష కథ ఆమె అనుకున్నట్టు లేదు. వాడి ఊరు డ్యాం నీళ్ళలో మునిగిపోయింది. ఆ నీళ్ళతో పుట్టిన కరెంటు అన్ని ఊళ్ళకూ పోయింది గానీ వాడి మనుషులు వేసుకున్న గుడిసెలకు రాలేదు. అందుకని వాడు ఊరూరా తిరిగి దీపాలు పీల్చేస్తాడు. ముందు వరుసలో కుర్రాళ్ళు వాణ్ణి బూతులు తిడుతుంటే, వెనక కూర్చున్న ఒక ముసలాయన, “వాడు అడిగేదాంట్లో తప్పేముండాదప్పా” అంటున్నాడు. తుంగభద్ర డ్యాం పక్కనున్న జిల్లా ఇది. మునిగిన ఊళ్ళ సంగతి ఇక్కడి ముసలివాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు.

శరభేశ్ తెలుగు డబ్బింగు తనే చెప్పుకున్నాడు. ఆ తెలుగు కన్నడంలో నానబెట్టి తీసినట్టుంది. ఆయన నోరు తెరిచినప్పుడల్లా ముందు కుర్రాళ్ళు అట్లానే పలికి నవ్వుతున్నారు. వింటూంటే హొన్నూరమ్మకు ఒకటి తట్టింది. ఇది అచ్చం భూమిక తెలుగు. కాపురానికొచ్చిన కొత్తలో ఆ పిల్ల ఇంట్లో బాగానే మాట్లాడేది. ఒకసారి దుర్గేశ్ స్నేహితులు వచ్చి, ఆ పిల్ల మాటను అట్లానే అని చూపించి నవ్వారు. దుర్గేశూ నవ్వాడు. ఆ తర్వాతే “ఊఁ”, “లేదు” తప్ప మాట తగ్గిపోయింది. ఎందుకో హొన్నూరమ్మకు ఇన్నాళ్ళూ అర్థం కాలేదు.

చివరికి వీరుడు నిశాక్షను డ్యాం గోడ మీది నుంచి పడేశాడు. ముందు వరుసలంతా లేచి చించిన కాగితాలు ఎగరేస్తూ తెర ముందర ఆడారు. ఎవడో తెరకేసి చెప్పు విసిరాడు. దీపాలు వెలిగినా భూమిక లేవలేదు.

“ఆయన ఇంతవరకు ఏ సినిమాలోనూ సావలేదు, అత్తే,” అంది. కళ్ళు తుడుచుకుంది. తనకే నవ్వొచ్చి మళ్ళీ తుడుచుకుంది.

బయట రెండు కటౌట్లూ ఎండలో నిలబడి ఉన్నాయి. ఒకదాని మీద పాల చారలు ఎండి ఈగలు ముసురుతున్నాయి. రెండోదాని మెడలో చెప్పులు. హొన్నూరమ్మకు సిగ్గేసింది. వాచ్‌మన్‌ను పిలిచి దాన్ని లాగిపారేయిస్తానని కదిలింది. భూమిక ఆమె చెయ్యి పట్టుకుంది.

“వద్దు అత్తే. వేసినోళ్ళే తీయాల.”

ఆ మాటే హొన్నూరమ్మ ఇంటికి మోసుకుపోయింది. సాయంత్రం దుర్గేశ్ రాగానే గడపలోనే చెప్పింది. వాడు ఒప్పుకోలేదు. ఒకసారి వేసిన దండ తీస్తే సంఘంలో పరువేముంటుందన్నాడు. పెళ్ళానికి భయపడి తీసినాడంటారని, కోదండరామి అయితే పాట కట్టి పాడతాడని అన్నాడు. మళ్ళీ అదే మాట, అది వేషానికి వేసిందని.

“మా నాయన వేషాలేసేటోడు, తెలుసు కదా నీకు?” అంది హొన్నూరమ్మ.

దుర్గేశ్‌కు తెలుసు. దేశనూరులో తాత ఉచ్చెంగెప్ప బయలాటల్లో రాక్షసుడి వేషం కట్టేవాడని చిన్నప్పుడు విన్నాడు. అంతకు మించి ఎప్పుడూ అడగలేదు. హొన్నూరమ్మ వాడి ఎదురుగా పీట వేసుకుని చెప్పింది. రాత్రంతా ఆట ఆడి, తెల్లవారేటప్పటికి రాక్షసుడు చచ్చి పడిపోతాడు. చంపిన వేషగాడు నేరుగా మంగళం పాడకూడదు. కత్తి కింద పెట్టి, పడిపోయినవాడికి చెయ్యి అందించి, జనమంతా చూస్తుండగా లేపాలి. ఇద్దరూ పక్కపక్కన నిలబడితేనే హారతి. అది ఆ ఊరి కట్టుబాటు.

“ఒక ఏడు వీరుడి వేషం మారన్న కట్టినాడు. ఈలలు, చప్పట్లు, తల తిరిగిపోయింది వానికి. మా నాయనను లేపకుండానే మంగళం పాడేసినాడు. నాయన అట్లే పడుకోనుండాడు. తనంతట తను లేస్తే ఆట తప్పినట్లు కదా. జనం లేసి ఎవరిండ్లకు వాళ్ళు పోయినారు.” ఆమె పీట ఇంకాస్త ముందుకు జరుపుకుంది. “మర్నాడు అంగడికి పోతే పిల్లలు నా వెనకాల రాళ్ళేసినారు, రాక్షసుడి కూతురని. పెద్దోళ్ళు చూస్తానే ఉండిరి. వాళ్ళ కోపం ఇంకా దిగలేదప్పా. దించేటోడు దించలేదు.”

“తర్వాత?”

“తర్వాత మా అమ్మ మారన్న ఇంటికి పోయి నిలబడింది. వాడొచ్చి, పట్టపగలు అంగడి ముందర మా నాయనకు చెయ్యిచ్చి, బుజాన చెయ్యేసి నడిచినాడు. చాలినాది.” హొన్నూరమ్మ లేచింది. “నిశాక్షను చంపినారు. బాగుండాది. శరభేశును లేపేటోడెవడు? ఇంకొకటి కూడా ఉండాది. ఆయన మాటకు థియేటర్లో నవ్వినారు. నీ పెళ్ళాం మాటకు ఈ ఇంట్లో నవ్వినారు. అది వేషం కూడా కాదు.”

దుర్గేశ్ అన్నం తినకుండానే పడుకున్నాడు. ఆదివారం హొన్నూరమ్మ లేచేసరికి ఇంట్లో లేడు. ఫోనెత్తలేదు.

పది దాటాక సిద్ధేశ్ వచ్చాడు. హొన్నూరమ్మ బొరుగులతో చేసిన ఉగ్గాని, బజ్జి పెట్టింది. తమ ఊళ్ళో దీన్నే మండక్కి ఒగ్గరణె అంటామని, ఇంత నిమ్మకాయ పిండరని చెబుతూనే రెండోసారి పెట్టించుకున్నాడు. మంచివాడే. చేతి మీద పచ్చబొట్టును మాత్రం చొక్కా మడిచి అందరికీ కనబడేట్టు పెట్టుకున్నాడు. భూమిక చెప్పులేసుకుంది. అత్త కాళ్ళకు దండం పెట్టడానికి వంగింది. హొన్నూరమ్మ మనసు ఎంత పీకుతున్నా ఉండమని బతిమాలలేదు. ఏ మొహం పెట్టుకుని బతిమాలడం?

అప్పుడు కోదండరామి ఫోను చేశాడు. మీవాడికి పిచ్చి పట్టింది, థియేటరు దగ్గరికి రండి పెద్దమ్మా అన్నాడు. ముగ్గురూ సిద్ధేశ్ బండిలోనే పోయారు.

దుర్గేశ్ సరవు కట్టెల మీద ఉన్నాడు. చెప్పుల దండ అప్పటికే కింద పడి ఉంది. కింద సంఘం కుర్రాళ్ళు సగం మంది ఈలలేసి గేలి చేస్తున్నారు. ఒకడు కార్యదర్శిని మారుస్తామని అరిచి బైకెక్కి వెళ్ళిపోయాడు. దుర్గేశ్ భుజాన బంతిపూల దండ వేలాడుతోంది. మామూలు మనిషి మెడకు సరిపోయే దండ అది. కటౌట్ మెడ చుట్టూ తిప్పబోతే చాలలేదు. నిశాక్ష చెవికి తగిలించబోతే జారింది. ఒక చేత్తో కట్టెను పట్టుకుని, ఇంకో చేత్తో దండను పట్టుకుని, ఏం చేయాలో తెలియక ఆ పెద్ద మొహం పక్కన చిన్నగా నిలబడిపోయాడు.

కింద భూమికను చూశాడు. ఏదో గట్టిగా చెప్పబోయి, గొంతు తగ్గించి కన్నడంలో అన్నాడు, “తప్పాయితు.”

నవ్వులన్నీ ఒక్కసారిగా ఆగాయి. తప్పయిందని పెళ్ళానికి చెప్పినా, శరభేశ్‌కు చెప్పినా అందరికీ వినబడింది. వాడి కన్నడం తెలుగులో నానబెట్టి తీసినట్టుంది. ఎవరూ దాన్ని పలికి చూపించలేదు.

సిద్ధేశ్ కొంతసేపు చేతులు కట్టుకుని చూశాడు. తర్వాత చెప్పులు విడిచి, “ఉండు బావా, ఆ కొస నాకియ్యి,” అంటూ కట్టెలెక్కాడు. ఇద్దరూ చెరో వైపు లాగినా దండ మెడ చుట్టూ రాలేదు. చివరికి రెండు భుజాలకూ తాడు కట్టి దండను అడ్డంగా వేలాడదీశారు. అది దండలా కాకుండా గుమ్మానికి కట్టిన తోరణంలా ఉంది.

“ఎడమకి, ఇంకా ఎడమకి! నీ ఎడమ కాదు, ఆయన ఎడమ,” అని భూమిక కింద నుంచి తెలుగులో గట్టిగా చెబుతోంది. చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూసినా ఆపలేదు. దుర్గేశ్ చెప్పినట్టల్లా జరుపుతున్నాడు.

పని పూర్తయి సిద్ధేశ్ చేతులు దులుపుకుంటూ దిగుతుంటే, భూమిక అత్త దగ్గరికి వచ్చింది.

“అణ్ణ రాత్రికి ఈడే తింటాడు అత్తే. రొట్టెలకు పిండి చాలుతుందా?”

“చాలకపోతే పోతాపోతా తీసుకుపోదాం,” అంది హొన్నూరమ్మ.