వదినతో అనలేని మాట

టైలరమ్మకు పొగరని వీధిలో ఒక మాట ఉంది. ఉంటే ఉంది. పిల్లల యూనిఫాం చొక్కాకి కాలరు లోపల రెండు పొరల గుడ్డ వేసి కుట్టే మనిషికి ఆ మాత్రం పొగరు ఉండాలి. ఆమె కుట్టిన చొక్కా అన్న వేసుకుని, తమ్ముడు వేసుకుని, చివరికి సైకిలు తుడిచే గుడ్డయినా సరే, కాలరు మాత్రం నిలబడే ఉండేది.

అటువంటి మనిషి షాపులో నాలుగు మిషన్లుంటే మూడింటికి ముసుగులు వేసి ఉన్నాయి. బట్టల షాపుల్లో అయితే గిరాకీలు ఒక్కొక్కరుగా వస్తారు. యూనిఫాంలు అలా కాదు. ఏ స్కూలైనా ఏడాదికోసారి ఒకరికే ఆర్డరు ఇస్తుంది, అది దొరికితే ఏడాదంతా పని, దొరక్కపోతే ఏడాదంతా ఈగలు తోలుకోవడం. అందుకే ప్రతి వేసవిలో ఆమె మరిది చేత పన్నెండు స్కూళ్ళకు మెయిల్ పెట్టించేది. కాలరు ఫొటోలు, జేబు ఫొటోలు, కింద షాపు పేరు, వెబ్‌సైటు అడ్రసు. మూడేళ్ళలో ఒక్క జవాబు కూడా రాలేదు. వద్దు అన్నా బాగుండేది. వద్దంటే ఎందుకు వద్దో అడగొచ్చు కదా.

మొదటి ఏడాది కాలరు బాగాలేదేమో అనుకుంది. రెండో ఏడాది దారం మార్చింది. మూడో ఏడాది తను కుట్టిన నమూనా చొక్కానే ఒక మధ్యాహ్నమంతా కుట్టు కుట్టూ విప్పి చూసుకుంది. తప్పేమీ కనబడలేదు. తప్పు కనబడకపోవడమే ఆమెను తినేసింది. చేతిలో పస పోయింది కాబోలు, అది నాకే తెలియట్లేదు కాబోలు అనుకుంది.

పనివాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఆఖరున మానిపించింది బొత్తాల పిన్నిని. పద్నాలుగేళ్ళు ఒకే కిటికీ దగ్గర కూర్చుని బొత్తాలు కుట్టిన మనిషి. "నా చూపు తగ్గిందనా అమ్మా?" అని పిన్ని అడిగితే, టైలరమ్మ తల దించుకుని, "ఎక్కడో ఒక బొత్తాం ఊడి ఉంటుంది పిన్నీ, ఆ మాట నలుగురికీ పాకి ఉంటుంది," అంది. పిన్ని కళ్ళజోడు పెట్టెలో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆవిడ సూది ముట్టలేదని విన్నారు.

ఈ ఏడు కూడా జవాబు రాకపోతే షాపు మూసేద్దామని టైలరమ్మ నిశ్చయించుకుంది. రాలేదు. రెడీమేడ్ ఫ్యాక్టరీ వాళ్ళకు కబురు పెట్టింది, మిషన్లు తీసుకెళ్ళమని.

వాళ్ళు రావలసినదానికి ముందురోజు పొద్దున్నే ఒకావిడ కొడుకు పంట్లాము అంచు దించమని వచ్చింది. పెద్ద స్కూలు ఆఫీసులో క్లర్కు. టేబులు మీదున్న నమూనా చొక్కాను అటూ ఇటూ తిప్పి, కాలరు వంచి వదిలింది. అది టక్కున లేచి నిలబడింది.

"ఇంత మంచి చెయ్యి పెట్టుకుని మా స్కూలుకి అప్లై చేయలేదేమండీ?"

"చేశానండీ, మూడేళ్ళు వరసగా. మీ దగ్గర్నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు."

క్లర్కమ్మ నమ్మలేదు. అక్కడికక్కడే స్కూల్లో కంప్యూటర్లు చూసుకునే అతనికి ఫోను చేసి, టైలరమ్మ దగ్గర అడ్రసు అడిగి, ఒక్కో అక్షరం చదివి చెప్పింది. సగంలో ఆవిడ గొంతు తడబడింది. తర్వాత చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి.

"ఏమైందండీ?"

"మీ మెయిళ్ళు వచ్చాయట. పిల్లలుండే చోటు కదా అని, బూతు ఉన్న మెయిళ్ళను మా కంప్యూటరు గుమ్మంలోనే ఆపేస్తుందట. మనుషుల దాకా రాలేదు. మిగతా స్కూళ్ళలోనూ ఇదే ఏర్పాటట."

"బూతా? నేను కాలరు గురించి రాశానండీ!"

క్లర్కమ్మ చెప్పలేక సుద్దముక్క తీసుకుంది. టేబులు మీద పరిచి ఉన్న నీలంగుడ్డ పైన ఆ అడ్రసు ఇంగ్లీషులో రాసి, మధ్యలో నాలుగక్షరాల చుట్టూ ఒక గీత గీసింది. షాపు పేరులో రెండు మాటలు. పోయిన భర్త ఏరికోరి పెట్టినవి, ఏ పెద్దమనిషి ముందైనా పలకగలిగినవి. బోర్డు మీద వాటి మధ్య జాగా ఉంది. దాని కిందే రాయించిన వెబ్‌సైటు అడ్రసులో జాగా ఉండదు కదా. మొదటిదాని తోకా రెండోదాని తలా కలిసి ఇంకేదో అయింది. అదేమిటో ఇక్కడ రాయడం మర్యాద కాదు.

టైలరమ్మకు ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవడం వచ్చు. చదివింది. షాపు ముందు నిలబడి ఫొటోలు తీసుకునే కాలేజీ పిల్లలు గుర్తొచ్చారు. అడ్రసు కనబడేలా ఉందో లేదో అని తను పరిగెత్తుకెళ్ళి బోర్డు తుడిచేది. వాళ్ళు నవ్వితే తనూ నవ్వేది. సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి.

"ఇప్పుడు మార్చి పంపితే?" అని అడిగింది.

"పోయిన వారమే ఫ్యాక్టరీ వాళ్ళకు ఇచ్చేశారండీ. ఈసారి ఏకంగా అయిదేళ్ళకు. మిగతా స్కూళ్ళూ వాళ్ళకే ఇచ్చాయి." అంచు దించిన పంట్లాము మడిచి సంచిలో పెట్టుకుంటూ క్లర్కమ్మ మెల్లగా అంది, "ఈ బోర్డు సంగతి మా స్టాఫ్‌రూంలో అందరికీ తెలుసు. నలుగురి కంట్లో పడాలని మీరే కావాలని పెట్టుకున్నారేమో అనుకున్నాం."

సాయంత్రం మరిది వచ్చాడు. ఆమె కాపురానికొచ్చేనాటికి వాడికి ఎనిమిదేళ్ళు, తల్లి లేదు. చెప్పులు తొడగడం దగ్గర్నుంచి లెక్కలు చెప్పించడం దాకా ఆమే చేసింది. ఇప్పుడు కంప్యూటర్లు బాగుచేస్తాడు. వెబ్‌సైటు పెట్టింది వాడే. టైలరమ్మ సుద్దగీతలున్న గుడ్డ వాడి ముందు పరిచింది. వాడు చూశాడు. ఆశ్చర్యపోలేదు. దాంతో ఆమెకు అంతా అర్థమైపోయింది.

"నీకు తెలుసు."

వాడు అవునన్నట్టు తల ఊపాడు.

"ఎప్పట్నుంచి?"

"పెట్టిన మర్నాటి నుంచి. మార్చేద్దామా వదినా అని అడిగాను కదా."

అడిగాడు, నిజమే. అప్పటికే ఆమె ఆ అడ్రసుతో రెండువేల లేబుళ్ళు నేయించి తెచ్చుకుంది. నీకు ఏ పనీ నిలకడగా చేయడం రాదురా అని నాలుగు చీవాట్లు పెట్టింది.

"ఎందుకు మార్చాలో చెప్పావా?"

"ఏమని చెప్పను? నీ ముందు ఆ మాట ఎలా అంటాను వదినా? నువ్వు నాకు అమ్మ తర్వాత అమ్మవి."

"మీ అక్కతో చెప్పించలేకపోయావా? ఆడపడుచు కదా, నాతో ఎన్ని మోటుసరసాలు ఆడేది!"

"అక్కతో మాత్రం ఎలా అంటాను?"

ఇంకోరోజైతే ఈ జవాబుకు ఆమె పడీ పడీ నవ్వేది. గౌరవం మంచిదే కాని, మనిషి నిలువునా మునిగిపోతుంటే పక్కన చేతులు కట్టుకుని నిలబడే గౌరవం ఎవరికి కావాలి? వాడి మీద కోపం రావాలని చూసింది. పిన్నితో తనన్న మాటే అడ్డొచ్చింది.

"ఇప్పుడను," అంది.

"ఇప్పుడెందుకు వదినా?"

"మూడేళ్ళు నా చేతుల్ని నేనే తిట్టుకున్నాను. ఆ ముసలావిడను ఊరికే పంపేశాను. ఏ మాట కోసమో నా చెవులతో వింటాను. అను."

వాడు రెండుసార్లు నోరు తెరిచి మూశాడు. మూడోసారి, గోడ వైపు తిరిగి, అన్నాడు. తెలుగులో రాస్తే రెండక్షరాల మాట. వీధిలో ఆడుకునే పిల్లలు బంతి పోయినప్పుడల్లా అనేదే. అది గదిలో వినబడిందో లేదో అన్నట్టు పోయింది.

"ఇంతేనా?" అంది టైలరమ్మ. "దీనికేనా?"

వాడు ఏడుస్తున్నాడు.

"అప్పుడే అనుంటే, చెంప మీద ఒకటిచ్చి, అడ్రసు మార్పించి, అన్నం పెట్టేదాన్ని కదరా."

"ఇప్పుడు కొట్టు వదినా," అని వాడు ముఖం ఆమె వైపు చాపాడు.

ఆమె చెయ్యి లేవలేదు. నీలంగుడ్డ మీది సుద్దను అరచేత్తో దులిపేసింది.

"రేపు పొద్దున్నే మిషన్లకు వాళ్ళొస్తారు. నువ్వూ వచ్చి ఒక చెయ్యి వెయ్యి. మెట్లు ఇరుకు," అంది.