మా ఇంట దించిన మూట

విశాఖ సెంట్రల్ జైలు గేటు దగ్గర ఎండ మాడ్చేస్తోంది. జ్ఞానసుందరి తెల్లవారుజామున నౌపడలో రైలెక్కింది. ఇంతవరకూ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ములాఖత్ చీటీలు రాసే కానిస్టేబులు ఆమె ఆధార్ కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, పిలిచేదాకా కూర్చోమన్నాడు. కూర్చోడానికి నీడెక్కడుంది? ఉప్పు మడుల్లో పాతికేళ్ళు నిలబడిన కాళ్ళు గనక అలాగే నిలబడింది. ఇవాళ్టి కూలి నాలుగొందలు పోయినట్టే. పోతే పోయింది. ఆమె ప్రాణమంతా సంచిలో ఉన్న కాగితం మీదే ఉంది. దాని మీద కొడుకు సంజయ్ చేత సంతకం పెట్టించాలి. పెడితే బిడ్డ ఇంటికొస్తాడు.

నిన్న లాయరు హరిబాబు ఆ కాగితం చేతికిస్తూ సంగతంతా విడమరిచి చెప్పాడు. గంజాయి కేసులో సంజయ్‌కి కింది కోర్టు ఐదేళ్ళు వేసింది. హైకోర్టులో అప్పీలు వేశారు గానీ బెయిలు రాలేదు. ఆ అప్పీలు విచారణకొచ్చేలోగా ఐదేళ్ళూ నిండిపోయేలా ఉన్నాయి.

"నేరం సెయ్యలేదన్న వాదన వదిలీసి, శిక్ష తగ్గించమని మాత్రం అడుగుదాం. రెండేళ్ళు లోపలున్నాడు గదా, ఇంక సాలు అనొచ్చు జడ్జిగారు. దీని మీద ఆడి సంతకం ఉండాల. కానీ ఒకటమ్మా, నేరం సంగతి మరింక మనం ఎత్తకూడదు. ఎప్పటికీని."

మంచివాడే హరిబాబు. ఫీజు కోసం ఏనాడూ పీడించలేదు. అంత మంచివాడి చేతిలోనూ ఇంతకు మించి ఏమీ లేదు, అదీ మన రాత.

జ్ఞానసుందరి ఇల్లు స్టేషను వెనకాలే. గుణుపురం రైలు దిగి వేరే బండెక్కాల్సినవాళ్ళు చీపుళ్ళ కట్టలూ, చింతపండు మూటలూ ఆ ఇంటి వసారాలో దించుకుని, బజారు పనులు చూసుకొచ్చి పట్టుకుపోతుంటారు. అత్తగారి నాటి నుంచీ అదే వరస. దానికి పైసా పుచ్చుకోరు. ఒకరి మూట ముడి విప్పరు, లోపల ఏముందని అడగరు. ఎవరైనా వచ్చి ఈ మూటెవరిదంటే మాదేననాలి. పొరుగూరి వాళ్ళదంటే కాజేసేవాళ్ళు కాచుక్కూర్చుంటారని అత్తగారు నేర్పిన మాట అది. పరాయి సొమ్ము కాపాడటం కూడా తప్పవుతుందని ఆ ముసలమ్మకేం తెలుసు?

రెండేళ్ళ కిందట ఓ రోజు ఒకతను మూటతో వచ్చి, తాను తవిటమ్మకి బంధువునన్నాడు. తవిటమ్మ చీపుళ్ళమ్ముకునే మనిషి, పదేళ్ళుగా ఆ వసారా ఎరిగినది. ఆమె పేరు చెప్పాక ఇంక అనుమానమెందుకు? ఉప్పు లారీకి బస్తాలెత్తి అప్పుడే ఇంటికొచ్చిన సంజయ్, అతని మూటకి తనే చెయ్యేసి లోపల పెట్టాడు. తిరుగుబండికి వస్తానని అతను వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం పోలీసులొచ్చి ఇల్లంతా సోదా చేశారు. ఆ మూట దగ్గర ఆగి, ఎవరిదని అడిగారు. పొయ్యి దగ్గరున్న జ్ఞానసుందరి పరుగున వచ్చి, "మాదేనండి, ముట్టుకోకండి," అంది. మూట పోతే తవిటమ్మకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలన్నదే ఆమె బెంగ. ముడి విప్పితే ఎనిమిది కిలోల గంజాయి.

అప్పుడు లబోదిబోమంది. కాదు బాబో, ఎవరో దించి వెళ్ళారు బాబో అని కాళ్ళావేళ్ళా పడింది. ఎవడు వింటాడు? మొదటి మాట రాసుకోవడం అప్పటికే అయిపోయింది. ఆడమనిషిని ఎందుకులే అని కొడుకుని జీపెక్కించారు. ఆ మూటవాడు మళ్ళీ రాలేదు. వాడెవడో, ఏ ఊరివాడో ఆ దేవుడికే తెలియాలి. అలాంటి బంధువు తనకి లేడని తవిటమ్మ కోర్టులో ఏడ్చింది. మూట తమదేనని ఇంటి మనిషే ఒప్పుకుందని తీర్పులో రాశారు. ఆనాటి నుంచీ ఆదివారం చర్చిలో జ్ఞానసుందరి పక్కన ఎవరూ కూర్చోవడం లేదు.

ఎట్టకేలకు పిలుపొచ్చింది. ఇనప జాలీకి అవతల సంజయ్ వచ్చి నిలబడ్డాడు. బస్తాలెత్తిన భుజాలు వంగిపోయాయి. తిన్నావా అంటే తిన్నానన్నాడు. ఒంట్లో ఎలా ఉందంటే బాగానే ఉందన్నాడు.

వాడు ఒప్పుకోడని ఆమె భయం. తీర్పు చెప్పిన రోజు, నాను సెయ్యలేదని కోర్టు అదిరిపోయేలా అరిచినవాడు వాడు. ఎలా బతిమాలాలో, ఎక్కడ ఒట్టు పెట్టాలో రైల్లో దారి పొడుగునా కూడబలుక్కుంటూనే వచ్చింది. లాయరు చెప్పిన నాలుగు ముక్కలూ ముందు చెప్పేసి, బతిమాలడానికి గొంతు సవరించుకుంది.

"పెట్టీస్తానమ్మా," అన్నాడు సంజయ్.

ఆమె జాలీకి ఇంకాస్త దగ్గరగా జరిగింది.

"సెయ్యలేదు సెయ్యలేదని సెప్పి సెప్పి నాకే ఏటో అయిపోనాది. ఒక్కోపాలి ఆ మూటలో ఏటున్నాదో నాకు ముందే తెలుసేమో అనిపిస్తన్నాది."

బిడ్డ లోపలున్నాడని ఆమె రెండేళ్ళుగా ఏడ్చింది గానీ, లోపల బిడ్డే లేకుండా పోతున్నాడని ఇప్పుడే తెలిసింది. జాలీ దగ్గరున్న కానిస్టేబులు చెయ్యి చాచి, కాగితమిస్తే లోపలికి పంపిస్తానన్నాడు. జ్ఞానసుందరి సంచిలోంచి కాగితం తీసింది. ఇచ్చెయ్యాలి. దానికోసమేగా వచ్చింది? చెయ్యి మాత్రం ముందుకి వెళ్ళలేదు.

"ఒద్దురా," అంది. "సంతకం ఎట్టొద్దు. ఆ పూట నోరు జారింది నాను. ఆ మాటని నీ సేత్తో నిజం సెయ్యకు."

కానిస్టేబులు విసుక్కున్నాడు. ఆమె కాగితాన్ని మడిచి జాకెట్టులో దోపుకుంది. కొడుకు కోప్పడతాడనుకుంది, ఇంత దూరమొచ్చి ఇదేం మాటని తిడతాడనుకుంది. తిట్టినా బాగుండేది.

"మరి నానింటికెప్పుడొస్తానమ్మా?" అని అడిగాడు వాడు, చాలా నెమ్మదిగా.

టైమైపోయిందని కానిస్టేబులు రెండుసార్లు అన్నాడు. సంజయ్ కదల్లేదు. జాలీ పట్టుకుని, అమ్మ ఏం చెప్తుందోనని చూస్తూనే ఉన్నాడు.