పదకొండు గౌన్లు

ప్రతివాళ్ళకూ ఏదో ఒక పిచ్చి ఉంటుందని దర్జీ గట్టి నమ్మకం. అతని మటుకు అతనికి కత్తెర పిచ్చి. పెద్ద కత్తెర, చిన్న కత్తెర, దారాలు తెంపే బుల్లి కత్తెర బల్లమీద కుడిచేతి పక్కన వరసగా, మొనలు గోడవైపు ఉండాలి. ఎవరైనా ముట్టుకున్నారో, ఇక వాళ్ళ పని అయిపోయినట్టే. ఇంట్లో ఆరు కొత్త గ్లాసులు మూలుగుతున్నా టీ మాత్రం అంచు విరిగిన ఆ ఒక్క గ్లాసులోనే తాగుతాడు. అందుకే భార్య మెడలో అయస్కాంతం వేసుకుని తిరగడం మొదలుపెట్టినప్పుడు అతనికి వింతగా తోచలేదు. "నాకు కత్తెర పిచ్చి, నీకు అయస్కాంతం పిచ్చి. ఈడూజోడూ బాగా కుదిరింది," అని నవ్వేశాడు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు తన చెంప తనే వాయించుకోవాలనిపిస్తుంది.

వాళ్ళది పిల్లల బట్టలు కుట్టే కొట్టు. ముందు గదిలో రెండు మిషన్లు, వెనక రెండు గదుల్లో కాపురం. మిషన్ నడుస్తుండగా సూది విరగడం మామూలే. విరిగితే ముక్కలన్నీ వెతికి, ఓ అట్టమీద పక్కపక్కన టేపుతో అంటించి, సూది పూర్తిగా కుదిరిందని చూసుకున్నాకే మళ్ళీ పనిలోకి దిగాలి. ఆ నియమం పెట్టింది దర్జీయే. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, భార్య పని తొందరలో ఆ అట్ట సంగతి మరిచిపోయింది. ఓ చంటిపాప గౌను అంచులో ఆవగింజంత మొన ఉండిపోయింది. అది పాప తొడమీద గుచ్చుకుని ఒక చుక్క రక్తం వచ్చింది. తల్లి కొట్టు ముందు నిలబడి నోటికొచ్చినట్టు తిట్టిపోసింది. సాయంత్రానికి పాప ఆటల్లో పడింది. నెల తిరక్కుండా ఆ తల్లే వచ్చి ఇంకో గౌను కుట్టించుకుంది. అందరూ మరిచిపోయారు, దర్జీ భార్య తప్ప.

ఆ మర్నాడే అయస్కాంతం కొనుక్కొచ్చింది. కుట్టడం పూర్తయిన ప్రతి బట్టమీదా దాన్ని ఒకసారి తిప్పేది. అంతవరకు ముచ్చటగానే ఉంది, అది జాగ్రత్త. కొన్నాళ్ళకు ఒకసారి మూడుసార్లయింది. ఆ తర్వాత ప్రతి మడతా, ప్రతి అంచూ వేలితో తడమడం, మళ్ళీ అయస్కాంతం తిప్పడం. మధ్యాహ్నానికి తయారైన గౌను పొద్దువాలినా గడప దాటేది కాదు. దర్జీకి కోపం రావలసిన చోట గర్వం వచ్చింది. "మా ఆవిడ చెయ్యి దాటి వచ్చిందంటే కళ్ళు మూసుకుని తొడిగేయండి," అని వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పుకున్నాడు. వీధిలోవాళ్ళు ఆమెకు అయస్కాంతమ్మ అని పేరు పెట్టారు. గిరాకీ పెరిగింది. ఇంత పొగడ్త కింద ఒక మనిషి నలిగి నుజ్జవుతోందని ఎవరికీ తట్టలేదు.

"ఏమండీ, ఇందులో ఏమీ లేదుగా?" అని అడిగేది.

"లేదే తల్లీ, నేను చూశాగా," అనేవాడు.

ఆమె ముఖం కాస్త తేటపడేది. ఐదు నిమిషాలు గడిచేసరికి అదే గౌను పట్టుకుని మళ్ళీ వచ్చేది. రోజుకు యాభైసార్లు అడిగినా అతను విసుక్కోలేదు. ఆ కాస్త తేట చూడటానికే యాభైసార్లూ లేదని చెప్పేవాడు. పెళ్ళాన్ని ఇంతకంటే బాగా ఎవరు చూసుకుంటారని మనసులో మురిసిపోయేవాడు కూడా.

ఇలా రోజులు గడుస్తుండగా, పెళ్ళయి వేరే ఊళ్ళో ఉంటున్న కూతురు మూడు నెలల పాపను తీసుకుని వచ్చి, రెండు నెలలు ఉంది. దర్జీ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. కూతురు మాత్రం ఒక్కదానికోసం ఎదురుచూసింది. అమ్మ తన బిడ్డను ఎత్తుకోవాలి. ఈవేళ ఎత్తుకుంటుంది, రేపు ఎత్తుకుంటుంది అనుకుంటూ రోజులు లెక్కపెట్టింది. అమ్మమ్మ ఉయ్యాలకు మూరెడు దూరంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేది. పాప బోసినోటితో నవ్వితే తనూ నవ్వేది. అంతలోనే ఒంటిమీద బట్టలు దులుపుకుంటూ పక్కగదిలోకి వెళ్ళిపోయేది. అక్కడ మిషన్ చప్పుడు వినపడుతూనే ఉండేది. పాపకు మాత్రం ఒక్క గౌనూ రాలేదు.

వెళ్ళేరోజు సంచి సర్దుకుంటూ కూతురు భోరుమంది.

"ఊళ్ళో పిల్లలందరికీ కుడుతుంది. నా కూతురికి ఒక్క గౌను ఇవ్వలేదు. ఒక్కసారి ఎత్తుకోలేదు. నేనేం తప్పు చేశాను నాన్నా?"

"అయ్యో, అదేం లేదమ్మా. మీ అమ్మ తీరే అంత. నీకు తెలియందేముంది?"

"తీరా? అయితే ఆ తీరుతోనే ఉండమను. మేం ఇక రాం."

అన్నంత పనీ చేసింది. ఫోను చేసినా తండ్రితో ముక్తసరిగా రెండు మాటలే. తల్లి ఊసెత్తేది కాదు. అలా ఏడాది గడిచిపోయింది.

ఒకరోజు అస్తరు గుడ్డ ఏమైనా మిగిలిందేమోనని దర్జీ మంచం కింది పెట్టె తెరిచాడు. పైన పాత దుప్పటి. దాని కింద మనవరాలి కొలతకు కుట్టి మడతపెట్టిన బుల్లి గౌన్లు, మొత్తం పదకొండు. మొదటిది తీసుకెళ్ళి కిటికీ వెలుగుకు పట్టాడు. ముప్పయ్యేళ్ళు మిషన్ తొక్కినవాడు, అక్షరాలు అంతంతమాత్రమేగానీ కుట్టు బాగా చదవగలడు. అంచు పొడవునా సూది రంధ్రాలు, ఒక వరస పక్కనే ఇంకో వరస. కుట్టింది, విప్పింది, మళ్ళీ కుట్టింది, మళ్ళీ విప్పింది. ఒక్క భుజం దగ్గరే ఏడు వరసలు తేలాయి. గుడ్డ జల్లెడైపోయి వేలు తగిలితే చిరిగిపోతోంది. పదకొండో గౌనుకు గౌను ఆకారమే లేదు, అన్నీ పీలికలు. దర్జీ అక్కడే నేలమీద చతికిలబడ్డాడు. తన కత్తెరలు తననెప్పుడూ ఇంత ఏడిపించలేదు. ఇది తన పిచ్చిలాంటిది కాదని అతనికి మొదటిసారి అర్థమైంది.

తలెత్తితే గుమ్మంలో భార్య నిలబడి ఉంది.

"వాటిలో ఏమీ లేదని నాకు తెలుసండీ," అంది. "తెలిసినా చెయ్యి ఊరుకోదు. మడతలో మొన ఉండిపోయిందేమో అనిపిస్తుంది. విప్పి చూస్తే ఉండదు. మళ్ళీ కుడతానా, ఇప్పుడు కుట్టేటప్పుడు పడిందేమో అనిపిస్తుంది."

"మరి పాపనెందుకు ఎత్తుకోలేదు?"

"నా బట్టల్లో ముక్క ఉంటే? ఎత్తుకున్నప్పుడు కంట్లో గుచ్చుకుంటే? పొద్దస్తమానం కళ్ళముందు అదే కనపడేది. ఎత్తుకోవాలని చేతులు పీకేసేవండీ. వెనక్కి కట్టేసుకునేదాన్ని."

"నాతో ఒక్క మాట చెప్పకపోయావా?"

"చెప్తే నవ్వుతారని."

నిజమే, నవ్వేవాడే.

మర్నాడే ఆమెను వెంటబెట్టుకుని పెద్దాసుపత్రిలో మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ గంటసేపు ఓపిగ్గా విని ఓసీడీ అని పేరు చెప్పింది. దర్జీకి ఇంకా ఆశ చావలేదు. తనదీ అదే అయితే భార్యది పెద్ద జబ్బేం కాదన్నమాట.

"నాకూ కత్తెర పిచ్చి ఉందండీ. అదీ ఇదేనా?"

"మీ కత్తెర ఎవరైనా తీసి ఇంకోచోట పెడితే ఏం చేస్తారు?"

"తిడతాను."

"తర్వాత?"

"తర్వాతేముంది, మళ్ళీ వరసలో పెట్టుకుని నా పని చూసుకుంటాను."

"వరసగా ఉంటే మీకు హాయి. అది అలవాటు. ఇలాంటివి అందరికీ ఉంటాయి. ఈవిడకు అందులో హాయి లేదు. వద్దన్నా భయం వచ్చి మీద పడుతుంది. వెతికితే కాసేపు తగ్గి మళ్ళీ వస్తుంది. రోజంతా దానికే పోతోంది. సరే, మీ అలవాటు వల్ల మీకు ఏం పోయింది?"

"ఏమీ పోలేదండీ."

"ఈవిడకు?"

పక్కన కూర్చున్న భార్యే చెప్పింది.

"నా మనవరాలు."

డాక్టరమ్మ మందులు రాసింది. వారం వారం రమ్మంది, వెతక్కుండా ఉండటం కొద్దికొద్దిగా నేర్పుతానంది. చివర్న దర్జీతో, "ఇకమీదట ఏమీ లేదుగా అని అడిగితే లేదని చెప్పకండి. తెలియదు అనండి. మీరు లేదన్నప్పుడల్లా భయం కాస్త తగ్గి, మళ్ళీ అడగమంటుంది," అంది. భార్య కూడా సరేనంటూ తలూపింది. ఇన్నేళ్ళూ ప్రేమ అనుకుని తను పెట్టింది ఆ భయానికి మేత అన్నమాట.

ఇంటికొచ్చి కూతురికి ఫోనులో పూసగుచ్చినట్టు అంతా చెప్పాడు. అంతా విని కూతురు, "పదకొండా నాన్నా?" అని మాత్రం అడిగింది.

ఆరు నెలలు పట్టింది. మొదటి నెల ఇద్దరికీ నరకమే. అతను తెలియదు అన్నప్పుడల్లా ఆమె పసిపిల్లలా బిక్కచచ్చిపోయేది. కొన్నిసార్లు కాళ్ళావేళ్ళా పడేది. అయస్కాంతం మెల్లగా మెడలోంచి గోడమీది మేకుకు, మేకు నుంచి మిషన్ డ్రాయర్లోకి వెళ్ళింది. అప్పుడు తనే కూతుర్ని రమ్మనమని అడిగింది.

ఒక ఆదివారం పొద్దున కూతురు వచ్చింది. పాపకు రెండేళ్ళు నిండబోతున్నాయి, తన కాళ్ళమీద తనే గడప దాటి వచ్చింది. అమ్మమ్మ బట్టలు దులుపుకోలేదు, తడుముకోలేదు. చేతులు చాపి, వంగి, పాపను ఎత్తుకుని గుండెకు హత్తుకుంది. కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పాప ఆ ముఖంలోకి చూసింది. మరుక్షణం గుక్కపట్టి ఏడుస్తూ తల్లివైపు తన్నుకులాడింది. కూతురు అందుకోక తప్పలేదు.

అమ్మమ్మ భర్తవైపు తిరిగింది.

"ఏమండీ, గుచ్చుకుందేమో. నా బట్టల్లో ఏమీ లేదుగా?"

సూది లేదని దర్జీకి తెలుసు. పాప ఎందుకు ఏడ్చిందో కూడా తెలుసు. ఎత్తుకోవలసిన రోజుల్లో ఎత్తుకోని అమ్మమ్మ ఆ పసిదానికి ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి. లేదే తల్లీ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగడానికి అతనికి ప్రాణం పోయినంత పనైంది.

"తెలియదు," అన్నాడు.

ఆమె చూపు మిషన్ డ్రాయర్ మీదికి పోయింది. కాళ్ళు కదలబోయి ఆగాయి. పాప తల్లి భుజంలో ముఖం దాచుకుని ఏడుస్తూనే ఉంది. అమ్మమ్మ చాపిన ఖాళీ చేతులు దించకుండా అక్కడే నిలబడింది.