రెండు పెద్ద చేపలు

కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే అతన్ని ఇంట్లో అందరూ 'సముద్రం' అనేవారు. పెళ్ళికి ముందెప్పుడో ఆరు నెలలపాటు ఉప్పునీటి చేపల్ని పెంచాడు. అవి ఏమయ్యాయో ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. ఆ ఆరు నెలల పేరు చెప్పుకునే ఇరవై ఏళ్ళుగా పెద్దరికం నెట్టుకొస్తున్నాడు.

లాండ్రీలో ఇస్త్రీ పని చేసే అతని చెల్లెలు తన గదిలో నాలుగు బకెట్ల నీళ్ళు పట్టే గాజు తొట్టె పెట్టుకుంది. ఉప్పు కలిపి, రాళ్ళు పేర్చి, చేపలు లేకుండానే రెండు నెలలు ఓపిగ్గా ఆ నీళ్ళను కుదురుకోనిచ్చింది. చేపలు గుడ్లు పెట్టి పిల్లల్ని చేస్తే చూడాలని ఆమె ముచ్చట. చేపల్ని ఎంచడానికి అన్నయ్యను వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్ళింది.

చేపల దుకాణం ఆవిడ నారింజ రంగు మీద తెల్ల చారలున్న క్లౌన్ చేపల్ని చూపించింది. "చిన్న తొట్టెకి ఇవే మేలమ్మా. రెండూ చిన్నవి తీసుకోండి. లేదంటే ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఇవన్నీ మొదట్లో మగవే. పెద్దగా ఎదిగింది ఆడదవుతుంది."

"అంటే పెత్తనం చేసేదే ఆడదన్నమాట. అచ్చం మా ఇల్లే!" అని చెల్లెలు పకపకా నవ్వింది.

పెద్దగా ఎదిగింది ఆడదవుతుందన్న సంగతి అతనికి తెలియదు. చెల్లెలి ముందు తెలియదని ఒప్పుకోవడానికి మనసు రాలేదు. "అవన్నీ కొత్తవాళ్ళకి చెప్పే కబుర్లు. పిల్లలు కావాలంటే బలమైనవి ఉండాలి. అదిగో, ఆ రెండు పెద్దవీ పట్టండి," అన్నాడు.

"రెండూ ఆడవే అయ్యుంటాయండీ. వాటికి పడదు."

"నాకు చెబుతున్నారా?"

ఆవిడ చెల్లెలి వంక చూసింది. "అన్నయ్య చెప్పాడంటే ఇక తిరుగులేదండీ," అంది చెల్లెలు.

తొమ్మిదో రోజు పొద్దున్నే చెల్లెలి నుంచి ఫోను వచ్చింది. అతను వెళ్ళేసరికి ఒక చేప ఇసుక మీద వెల్లకిలా పడి ఉంది. రెక్కలు చీలికలు పీలికలై ఉన్నాయి. రెండోది రాళ్ళ మధ్య తిరుగుతోంది. చూడగానే అతనికి అర్థమైపోయింది.

"ఏమైంది అన్నయ్యా?"

ఏదో ఒకటి చేయాలని ఉప్పు కొలిచే గొట్టం తీసి నీళ్ళలో ముంచాడు. ముల్లు సరిగ్గా ఉండాల్సిన చోటే ఉంది. ఆమె చూసేలోపే గొట్టాన్ని గబుక్కున వంచేసి, "ఉప్పు ఎక్కువైందే. కలిపేటప్పుడు చూసుకోవద్దూ?" అన్నాడు.

ఆమె తన అరచేతుల వంక చూసుకుని ఏడ్చింది.

ఆ తర్వాతి ఆదివారం అందరూ అమ్మ దగ్గర భోజనానికి చేరారు. చేపల సంగతేమిటని అమ్మ అడిగింది. "నా చేత్తో నేనే చంపుకున్నానమ్మా. అన్నయ్య మంచివి ఎంచి ఇచ్చినా నాకు చేతకాలేదు. మిగిలినదాన్ని కూడా ఇచ్చేస్తాను," అంది చెల్లెలు. పైగా అన్నయ్య కంచంలో మరో గరిటె కూర వేసింది. అతను తల పైకెత్తితే ఆమె ముఖం చూడాల్సి వస్తుందని కంచంలోకే చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు గుట్టుగా ఒక చిన్న చేప కొని ఇచ్చేద్దామని దుకాణానికి వెళ్ళాడు. ఆవిడ అతన్ని గుర్తుపట్టింది. "ఒకటి పోయిందా?" అని మాత్రం అడిగింది. దెప్పి ఉంటే తేలిగ్గా ఉండేది. "చెల్లెలికి చెప్పారా?" అన్నప్పుడు అతను చేప కొనకుండానే బయటికొచ్చి, తిన్నగా లాండ్రీకి నడిచాడు.

ఆవిరి పొగల మధ్య ఆమె ఒక తెల్ల చొక్కా మీద ఇస్త్రీ పెట్టె నడుపుతోంది.

"ఉప్పు సరిగ్గానే ఉందే. చూసి కూడా అబద్ధం చెప్పాను. రెండూ కొట్టుకున్నాయి, అందుకే ఒకటి చచ్చిపోయింది. తప్పు నాది."

పెట్టె ఆగింది. చొక్కా కమురుతున్న వాసన వచ్చాక ఆమె ఉలిక్కిపడి ఎత్తింది.

"అప్పటినుంచీ రోజుకి నాలుగుసార్లు నీళ్ళు కొలుస్తున్నాను అన్నయ్యా. గొట్టం తప్పు చూపిస్తోందేమోనని ఇంకోటి కూడా కొన్నాను."

"తిట్టవే నన్ను."

"నాకు పనుంది. వెళ్ళు."

చుట్టూ ఉన్న పనివాళ్ళు తలలు దించుకున్నారు. అతను బయటికి నడిచాడు.

చెల్లెలు చేపను ఎవరికీ ఇవ్వలేదు. ఒక్కతే దుకాణానికి వెళ్ళి, ఆవిడ్ని అడిగి, బొటనవేలంత చేపను తెచ్చుకుంది. పెద్దది దాన్ని రెండు రోజులు తరిమి, తర్వాత పక్కన పడుకోనిచ్చింది. ఎనిమిది నెలలకు ఒక రాయి మీద గుడ్లు కనిపించాయి. ఆ కబురు అతనికి భార్య ద్వారా తెలిసింది. మొదటి విడత పిల్లలు ఒక్కటీ దక్కలేదు. రెండో విడతలో పదకొండు దక్కాయి.

వాటికి కాస్త చారలు తేలాక, చూడటానికి రమ్మని చెల్లెలే ఫోను చేసింది. అందరితో పాటు వెళ్ళి వెనకాల నిలబడ్డాడు. "ఇంత చిన్నవి ఏం తింటాయిరా?" అని అమ్మ అలవాటు కొద్దీ అతన్నే అడిగింది.

"నాకు తెలీదమ్మా," అన్నాడు. చెవులు వేడెక్కాయి.

చెల్లెలు అతని వైపు చూడకుండానే, అమ్మకి చెప్పడం మొదలుపెట్టింది.