ఖాళీ ఇసుక

కొత్త పోర్టు కడితే ఎవరికి ఏం నష్టమో తేల్చే నివేదికలో తాబేళ్లకు ఒక అధ్యాయం మొత్తం కేటాయించారు. వలస పిట్టలకు ఇంకొకటి, రంగుల ఫొటోలతో సహా. ఆ ఒడ్డున బతికే ఆడవాళ్లకు మాత్రం ఒకే ఒక్క వాక్యం దక్కింది: 'స్త్రీలలో అత్యధికులు గృహిణులు, వారికి ఉపాధి నష్టం లేదు.' తాబేళ్లమీద ఎవరికీ కోపం లేదు. కానీ తాబేలుపాటి విలువైనా మనిషికి ఉండొద్దా?

ఆ వాక్యానికి కావలసిన వివరాలు ఇంటింటికీ తిరిగి మోసుకొచ్చింది ఆ ఒడ్డునే పుట్టి పెరిగిన మనిషి. ఇప్పుడు సర్వే కంపెనీలో ఉద్యోగం చేస్తోంది. ఆమె సొంత అక్క ఇప్పటికీ అక్కడే చేపలు ఎండబెట్టి అమ్ముకుంటోంది. ఆ డబ్బుతోనే ఈ చెల్లెల్ని చదివించింది కూడా.

అక్కడి ఆడవాళ్లు తెల్లారకముందే పడవల దగ్గర బుట్టలతో నిలబడతారు. చేపల్ని చీరి, ఉప్పు పట్టించి, ఇసుక మీద పరిచి, తిరగేసి, ఏరి, సంతకు మోస్తారు. అయినా ఏం చేస్తుంటావని అడిగితే, "ఏం చేస్తాం, ఇంట్లోనే" అంటారు. పని చేస్తున్నానని పైకి చెప్పడమంటే, మా ఇంట్లో మగవాడికి నన్ను పోషించడం చేతకాదని వీధిలో చాటింపు వేసినట్టే. చెల్లెలికి ఇది తెలియదా అంటే పుట్టినప్పటినుంచీ తెలుసు. మరీ తెలిసిపోయి కంటికి ఆనలేదు. అడిగింది, విన్నది, టిక్కు పెట్టింది. అక్క ఇంటికి వెళ్లినప్పుడు కూడా అంతే. ఉప్పుకు పగిలిన చేతుల్తో టీ గ్లాసు అందిస్తూ, "నాదేముందే, ఇంట్లోనే అని రాసుకో" అంది అక్క. ఇద్దరూ నవ్వుకున్నారు. చెల్లెలు అలాగే రాసుకుంది.

అచ్చు వేసిన మ్యాపు ఆఫీసు గోడకెక్కాక గాని అసలు సంగతి బోధపడలేదు. చేపలెండే ఇసుక మేటంతా పసుపురంగులో ఉంది. పక్కన 'ఖాళీ ఇసుక, వినియోగంలో లేదు' అని రాసి ఉంది. దానిమీద గీతలు గీసి బొగ్గు యార్డు అన్నారు. పని చేసేవాళ్లే లేనప్పుడు పని చేసే చోటు మాత్రం ఎక్కడినుంచి వస్తుంది? అక్క కొంప తన చేత్తోనే ముంచానని ఆ గోడ ముందే చెల్లెలికి అర్థమైంది.

పరుగున మేనేజరు దగ్గరికి వెళ్లింది. ఆయన చెడ్డవాడు కాదు, అదే వచ్చిన చిక్కు. తిట్టుకోవడానికి కూడా వీల్లేని మనిషి.

"వాళ్లు చెప్పిందే రాశావు కదమ్మా. ఇప్పుడు మనం మారిస్తే కల్పించారంటారు. ప్రజాభిప్రాయ సేకరణ ఉందిగా, అక్కడ ఎవరో ఒకళ్లు లేచి చెప్పినా రికార్డుకెక్కుతుంది. అప్పుడు మళ్లీ సర్వే చేయించే పూచీ నాది. లేదంటే ఇదే ఖాయం."

చెల్లెలు ఆ సాయంత్రమే అక్క వంటింట్లో కూర్చుంది.

"నన్నెందుకే లాగుతావు, వేరేవాళ్లు లేరా?" అంది అక్క.

"నువ్వు నోరు తెరిస్తే మిగతావాళ్లంతా నీ వెనకే వస్తారు. ఉప్పు కూడా నువ్వు కొన్నాకే కొంటారు వాళ్లు."

"వాడుంటాడే అక్కడ."

వాడంటే కొడుకు. లంగరు తాడు కాలికి చుట్టుకుని ఎముక నుజ్జయినప్పటినుంచీ పడవెక్కలేదు. అయినా ఇస్త్రీ చొక్కా వేసుకుని పడవల షెడ్డులో కూర్చుని ఇంజన్ల గురించి సలహాలిస్తుంటాడు. వీధి వీధంతా వాణ్ణి కెప్టెన్ అంటుంది, ఎదురుగా మర్యాదగా, చాటున నవ్వుతూ. వాడు నిద్ర లేవకముందే అక్క ఆ చొక్కా జేబులో డబ్బు పెడుతుంది. సరుకులకు డబ్బిచ్చేది వాడే కావాలి, నలుగురూ చూడాలి.

"ఆ ఇసుక పోతే వాడికి అన్నం ఎక్కణ్ణించి పెడతావక్కా?"

అక్క తోముతున్న గిన్నె కడిగి బోర్లించింది. "సరేలే, చెప్తాను. నాలుగు మాటలేగా" అంది. ఆ మాట పట్టుకుని చెల్లెలు తేలికపడ్డ మనసుతో బస్సెక్కింది.

సభ రోజున పెద్ద టెంటు వేశారు. మగవాళ్లు ముందు కుర్చీల్లో, ఆడవాళ్లు వెనక పట్టా మీద. సర్వే వివరాలు చదవడానికి చెల్లెల్ని వేదికమీద అధికారి పక్కనే కూర్చోబెట్టారు. పడవలవాళ్లు వలల గురించి మాట్లాడారు. ఎవరో పెద్దమనిషి తాబేళ్ల గురించి కళ్లు చెమ్మగిల్లేలా మాట్లాడాడు. ఆడవాళ్లెవరైనా చెబుతారా అని అధికారి అడిగాడు. అక్క లేచింది. మైకు చేతికిచ్చారు.

"మీరేం చేస్తుంటారమ్మా?"

ముందు వరసలో కెప్టెన్ వెనక్కి తిరిగాడు. గుడ్లురిమి ఉంటే బాగుండేది, అక్కకు రోషం వచ్చి ఆ నాలుగు మాటలూ అనేసేది. వాడు ఉరమలేదు. బతిమాలుతున్నట్టు చూశాడు, అంతే.

"నాకేం పనండీ" అంది అక్క. "మా అబ్బాయే పోషిస్తాడు. పడవ మనిషి."

ఎవరూ నవ్వలేదు. చాటున నవ్వే నోళ్లన్నీ ఆ పూట ఎంతో మర్యాదగా మూసుకున్నాయి. ఆ మర్యాదే వాళ్ల గొంతు కోసింది. మైకు పక్కామె చేతికి పోయింది. "నాదీ అంతేనండీ, ఇంట్లోనే." ఆ పక్కామెదీ అంతే. అక్క వెనకే వస్తారని చెల్లెలు చెప్పింది కదా, వచ్చారు.

చెల్లెలి నాలుక చివరిదాకా వచ్చింది నిజం. దూరం నుంచే అక్క తల అడ్డంగా ఊపింది. చిన్నప్పుడు చుట్టాల ముందు నోరు మూయించడానికి ఊపినట్టే.

ఇంతలో సముద్రం వైపు మబ్బు పట్టి టెంటు కింద చీకటి కమ్మింది. అంతే, వెనక వరసలు ఒక్కసారిగా లేచాయి. ఇసుక మీద చేపలున్నాయి, ఒక్క జల్లు పడితే సరుకంతా కుళ్లిపోతుంది. మాటా పలుకూ లేకుండా ఆడవాళ్లందరూ ఒడ్డువైపు పరుగెత్తారు. అందరికంటే ముందు అక్క ఉంది.

అధికారి కళ్లజోడు తీసి చూశాడు. "సభ అయిపోలేదుగా. వీళ్లంతా ఎక్కడికి పరుగెడుతున్నారు?" అని పక్కకు తిరిగి చెల్లెల్నే అడిగాడు. ఆమె ముందున్న మైకు పనిచేస్తూనే ఉంది. కెప్టెన్ కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుని పిన్ని మొహంలోకే చూస్తున్నాడు.

"ఇళ్లకు సార్" అందామె.

ఆయన తలూపి, ఆ ముక్క రాయించి, తర్వాతి అంశం చదవమన్నాడు. ఆమె కాగితం తిప్పి చదవసాగింది.