రెండోసారి అయ్యేదాకా

స్కానింగ్ సెంటర్‌లో నా ఉద్యోగం ఏమిటో నలుగురిలో చెప్పుకోను. కొన్ని ఎమ్మారై స్కాన్లకు ఎక్కించే ఇంజెక్షన్‌లో గడోలినియం అనే లోహం ఉంటుంది. అది మూత్రంతో బయటికొచ్చి, మురుగునీటిని శుభ్రం చేసే ప్లాంటుకు కూడా చిక్కకుండా నదిలో కలిసి, చివరికి మన కుళాయిలోకే రావచ్చు. అందుకని మా దగ్గర విడిగా ఒక బాత్రూం, దాని కింద ట్యాంకు, ఆ ట్యాంకులో లోహాన్ని పట్టుకునే గుళికలు. వాటిని చూసుకునేది నేను. స్కానైనవాళ్లు బాగా నీళ్లు తాగి, రెండుసార్లు అక్కడికే వెళ్లొచ్చాక ఇంటికి వెళ్లాలి. అందరూ నామీద చిరాకు పడతారు. నేనూ తక్కువ తినలేదు.

ఆరోజు స్కాన్ గదిలోంచి మా అక్క బయటికొచ్చింది.

అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. మొగుణ్ణి వదిలేసి నేను వచ్చేసిన రోజు, "సర్దుకుపోవాలి, వెనక్కి వెళ్లు," అంది. వెళ్లలేదు. అప్పట్నుంచి ఆమె దృష్టిలో నేను లేను. పంతంలో ఇద్దరం ఒకే తల్లి బిడ్డలం. అయినా వీధిలో ఎవరి నడక అక్క నడకలా ఉన్నా ఇప్పటికీ నా ప్రాణం లేచొస్తుంది.

అక్క జుట్టు సగం నెరిసింది. మోచేతి దగ్గర దూది నొక్కి పట్టుకుని, నన్ను చూసి కూడా చూడనట్టే కుర్చీలో కూర్చుంది. గ్లాసు అందించాను.

"రెండుసార్లు వెళ్లాకే ఇంటికి," అన్నాను, అందరికీ చెప్పినట్టే.

"అలాగేనండీ."

అండీ అట! నాకు జడలు వేసిన మనిషి, కదిలితే మొట్టికాయలు వేసిన మనిషి! ఒళ్లు మండిపోయింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. స్కాన్ దేనికే అక్కా అని అడగబోయి, సీసాలో నీళ్లు నింపుకొచ్చాను.

అక్క గటగటా తాగింది, వెళ్లొచ్చింది. మళ్లీ తాగింది, మళ్లీ వెళ్లింది. అంత తొందరపడ్డ మనిషిని నా సర్వీసులో చూడలేదు. ఇంకొక్క నిమిషమైతే వెళ్లిపోతుంది. మళ్లీ చూడ్డం ఎప్పటికో, అసలు ఉందో లేదో. ఆమె వచ్చి సంచీ భుజాన వేసుకుంది.

"ఇంకోసారి వెళ్లాలి," అనేశాను.

"రెండన్నారుగా?"

"కొందరికి మూడు. లోపల ఇంకా ఉండిపోతుంది."

అక్క బాత్రూం తలుపు వైపు చూసింది. "రెండుసార్లు చాలు" అని పెద్దక్షరాలతో అక్కడ కాగితం అతికించింది నేనే. ఆమె దాన్ని నిదానంగా చదివి, సంచీ దించి, మళ్లీ కూర్చుంది.

"అబద్ధం చెప్పడం నీకు చిన్నప్పుడూ చేతకాలేదు," అంది. "నీళ్లు పొయ్యి."

పోశాను. సగం నేలమీద ఒలికాయి.

"తలలో ఏదో ఉందంటున్నారే," అంది అక్క, గ్లాసు వైపే చూస్తూ. "నాకు భయంగా ఉంది. ఈసారి మెల్లగా తాగుతాలే. నువ్వూ కూర్చో."